చింతలమెట్ట చింతన ట్యాంకు

పేరుకు పురపాలక సంఘం పరిధిలోనే ఉన్నా చింతలమెట్టకు మున్సిపాలిటీ నీళ్ళు ఎన్నడూ ఎక్కలేదు. ఊరంతా పల్లంలో ఉంది. మెట్ట మాత్రం ఊరికి తూర్పున రెండు తాటిచెట్ల ఎత్తున లేచి ఉంది. ఏవో ఎన్నికల ముందు ఇంటింటికీ గొట్టాలు వేసి, కుళాయిలు బిగించి, వాటికి పసుపు రాసి బొట్లు పెట్టి ప్రారంభోత్సవం చేశారు. ఆ కుళాయిల్లోంచి గాలి వచ్చింది. ఒకసారి ఒక తొండ వచ్చింది. నీళ్ళు రాలేదు. రెండు రోజులకోసారి ట్యాంకరు మెట్ట కిందికొచ్చి హారన్ కొడితే ఆడవాళ్ళు బిందెలు తీసుకుని పరుగున దిగేవాళ్ళు. నిండు బిందెలతో మళ్ళీ ఎక్కడానికి మాత్రం పరుగు సరిపోదు, మోకాళ్ళు కావాలి.

శైలకుమారి ఆ మున్సిపాలిటీలో నీటి సరఫరా విభాగానికి అసిస్టెంట్ ఇంజినీరుగా చేరిన మొదటి సోమవారమే, అర్జీలు తీసుకునే వేళకు, దానమ్మ వచ్చి ఆమె బల్ల ముందు నిలబడింది. అరవై దాటిన మనిషి. మెట్ట మీద అందరి తరఫునా మాట్లాడే పని తనే నెత్తినేసుకుంది.

"ఇంజినీరమ్మా, కుళాయి ఉన్నదా అంటే ఉన్నది. నీళ్ళొత్తన్నయ్యా అంటే రాటల్లా. ఒక పని జెయ్యి. ఆ కుళాయన్నా పీక్కోని పోండి. దాన్ని జూసినప్పుడల్లా ఉన్న దప్పిక రెండింతలయితంది."

శైలకుమారికి అప్పటికి ముప్పై రెండేళ్ళు. మంచి మార్కులతో ప్యాసై, ఇంజినీరింగంటే ఇంకా నమ్మకం పోని మనిషి. ఆ సాయంత్రమే మెట్టెక్కి చూసింది. పైన ఒక ట్యాంకు కట్టి, కింద సంపులోంచి మోటారుతో నీళ్ళెక్కిస్తే చాలు, ఉన్న గొట్టాల్లోంచే ఇంటింటికీ పారతాయి. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. వారం తిరక్కుండా ప్రతిపాదన రాసి పైకి పంపింది.

అది ఆరుసార్లు తిరిగొచ్చింది. మొదటిసారి నకళ్ళు చాలలేదన్నారు. రెండోసారి నకళ్ళు ఎక్కువయ్యాయన్నారు. ఆరోసారి వచ్చిన ప్రశ్న ఇది: "చింతలమెట్ట అను మెట్టపై ట్యాంకు ప్రతిపాదించబడినది. అచట మెట్ట ఉన్నట్లు తహశీల్దారు ధ్రువపత్రం జతపరచబడలేదు." తహశీల్దారేమో, మెట్ట ఉందని నేను ధ్రువీకరిస్తే అది ఎప్పటినుంచి ఉందని అడుగుతారు, నా దగ్గర రికార్డు లేదని పంపించేశాడు. అలా మూడేళ్ళు గడిచాయి. దానమ్మ మాత్రం ఒక్క సోమవారం తప్పలేదు.

ఇది ఇలా ఉండగా రాజధానిలో ఎవరో పెద్దలు ఏదో సదస్సుకు వెళ్ళొచ్చారు. వస్తూ వస్తూ ఒక మాట పట్టుకొచ్చారు. ప్రతి పురపాలక సంఘమూ సత్వరం ఒక థింక్ ట్యాంక్ నెలకొల్పుకోవాలని ఉత్తర్వు బయల్దేరింది. ఉత్తరప్రత్యుత్తరాలన్నీ తెలుగులోనే జరగాలని అంతకు నెల ముందే ఇంకో ఉత్తర్వు ఉంది కాబట్టి జిల్లా కార్యాలయంలో అనువాదకుడు దాన్ని తెలుగు చేశాడు. థింక్ అంటే చింతన. ట్యాంకు అందరికీ తెలిసిందే గనక దాని జోలికి పోలేదు. "ప్రతి పురపాలక సంఘము ఒక చింతన ట్యాంకును నెలకొల్పవలెను" అని రాసి సంతకానికి పెట్టాడు.

ఆ కాగితం మున్సిపల్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్ భుజంగరావు చేతికొచ్చింది. ఇరవై ఆరేళ్ళుగా పై ఆఫీసుల అక్షరదోషాలు దిద్దుతున్న మనిషాయన. చింతన ట్యాంకు అన్న మాట చూసి, "వీళ్ళకు ఊరి పేరు కూడా రాయడం రాదు" అని విసుక్కుని, ఎర్రసిరాతో 'న' కొట్టేసి 'ల' చేశాడు. శైలకుమారి ఫైలు బీరువాలోంచి తీసి, దుమ్ము దులిపి, ఉత్తర్వును దానికి కుట్టి, కోరిన ట్యాంకు అంచనా ఇదేనని పైకి పంపాడు.

పైన ఎన్ని పురపాలక సంఘాలు స్పందించాయో లెక్కలు వేస్తున్నారు. అప్పటికి ఒక్కటీ స్పందించలేదు. ఇక్కడినుంచి ఏకంగా పటాలతో, కొలతలతో, సిమెంటు పాళ్ళతో అంచనా వెళ్ళేసరికి వాళ్ళ ఆనందానికి మేర లేకపోయింది. పదకొండో రోజున మంజూరు పత్రం వచ్చింది. మెట్ట ఉందా లేదా అని ఎవరూ అడగలేదు.

శైలకుమారి ఆ పత్రాన్ని రెండుసార్లు చదివింది. మొదటిసారి సంతోషమేసింది. రెండోసారి అందులో చింతన అన్న మాట కంటపడింది. తిన్నగా కమిషనరు సర్వోత్తమరావు గదిలోకి వెళ్ళింది.

"సార్, ఇది పొరపాటండీ. వాళ్ళడిగింది నీళ్ళ ట్యాంకు కాదు. చదువుకున్నవాళ్ళతో, అనుభవజ్ఞులతో ఒక సలహా సంఘం వెయ్యమన్నారు. దాన్ని ఇంగ్లీషులో థింక్ ట్యాంక్ అంటారు."

సర్వోత్తమరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయనకా సంగతి తెలీదు. కాని తెలీదన్న మాట ఆయన నోట సర్వీసు మొత్తంలో ఒక్కసారి కూడా రాలేదు.

"శైలకుమారిగారూ, ఉత్తర్వులో ఏమని ఉంది? ట్యాంకు అని ఉంది. పాలనాపరమైన ఆమోదం లభించిందా లేదా? లభించింది. ఉత్తర్వును అమలుపరచుట మన విధి. అర్థం చేసుకొనుట మన పరిధిలోకి రాదు."

"మరి ఆ అనుభవజ్ఞులు, సార్?"

"వస్తే కాదంటామా? ఎక్కడానికి నిచ్చెన పెట్టించండి."

ఆమె ఆ మాటలన్నీ నోటు ఫైలులో రాసి ఆయన చేత సంతకం పెట్టించుకుంది. చెప్పాల్సింది చెప్పాను అనుకుంది. అయినా మనసులో ఏదో పీకుతూనే ఉంది. బయటికొచ్చి ఫిట్టరు అంకమ్మరావుతో అన్నది. అతను పాతికేళ్ళుగా ఆ ఊరి వాల్వులన్నీ తిప్పుతున్నవాడు.

"నీళ్ళొచ్చే ట్యాంకుకు పేరేదయితే ఏందండీ?" అన్నాడు అంకమ్మరావు. "నా పేరులో అంకమ్మ ఉంది. నేను అమ్మోరినా?"

పని మొదలయింది. పునాదులు తీస్తుండగా పైనుంచి ఒక ప్రశ్న వచ్చింది. ట్యాంకు యొక్క చింతనా సామర్థ్యమెంత? శైలకుమారి ఉన్నదున్నట్టు, లక్షా ముప్పై అయిదు వేల లీటర్లు అని రాసింది. చింతనను లీటర్లలో కొలుచుటకు ఆధారమేమని మళ్ళీ ప్రశ్న. ఆమె బాగా ఆలోచించి, మెట్ట మీద జనాభా వెయ్యి, ప్రమాణాల ప్రకారం తల ఒక్కింటికి రోజుకు నూట ముప్పై అయిదు లీటర్లు అని జవాబు పంపింది. అందులో తల అన్న మాట చూశాక పైవాళ్ళకు సంశయం తీరిపోయింది. కాకపోతే, "సదరు పట్టణంలో తల ఒక్కింటికి అంత అవసరముండదు, డెబ్భై చాలును" అని కత్తిరించి పంపారు. డెబ్భై వేల లీటర్లకే ట్యాంకు లేచింది.

అయిదు నెలల్లో కట్టేశారు. ఎనిమిది స్తంభాల మీద గుండ్రటి ట్యాంకు, తెల్లటి సున్నం, చుట్టూ నీలిరంగు పట్టీ. మంజూరు పత్రంలో ఎలా ఉందో అలాగే ఉండాలని పెయింటరు చేత 'చింతన ట్యాంకు' అని మూడడుగుల అక్షరాలు రాయించారు. మెట్ట మీద ఆడవాళ్ళు కింద ముగ్గులేశారు. దానమ్మ స్తంభాన్ని చేత్తో నిమిరి, "ఎప్పుడెక్కుతయ్యమ్మా నీళ్ళు?" అంది.

"సోమవారం," అన్నది శైలకుమారి.

శనివారం నాడు రెండు కాగితాలు వచ్చాయి.

ఒకటి పైనుంచి: చింతన ట్యాంకునకు అయిదుగురు సభ్యులను నియమించడమైనది, సభ్యులు నెలకు నాలుగు పర్యాయములు ట్యాంకునందు సమావేశమగుదురు. రెండోది పక్క గదిలోంచే: చింతలమెట్టయందు ట్యాంకు నిర్మాణము పూర్తయినందున అచటికి ట్యాంకరు సరఫరా ఇందుమూలముగా రద్దుపరచడమైనది.

శైలకుమారి రెండు కాగితాలూ పట్టుకుని కమిషనరు గదికి పరిగెత్తింది.

"సార్, ట్యాంకునందు అంటే ట్యాంకు లోపలనా?"

"నందు అనగా లోపల. సప్తమీ విభక్తి," అన్నాడు సర్వోత్తమరావు.

"మరి నేను నీళ్ళెప్పుడు ఎక్కించాలి సార్?"

"నీళ్ళా? మేధావులు ఆసీనులై ఉండే చోట నీళ్ళు ఎక్కిస్తానంటారేమిటి? అది హత్యాయత్నం కిందికి వస్తుంది."

"కనీసం ట్యాంకరయినా..."

"ట్యాంకు ఉన్నచోట ట్యాంకరు ఇస్తే ఆడిట్ అభ్యంతరం. ఉన్నదా ట్యాంకు? ఉన్నది. బయటినుంచి చూసినా కనిపిస్తోంది."

సోమవారం మెట్టకు నీళ్ళు రాలేదు. మేధావులు వచ్చారు.

వాళ్ళలో ఒకాయన వాస్తు చెబుతాడు. ఒకాయన వ్యక్తిత్వ వికాసం మీద ఉపన్యాసాలిస్తాడు. ఒకాయన విశ్రాంత పశువైద్యుడు. ఒకాయన ఎందుకొచ్చాడో ఆయనకే తెలీదు. వీళ్ళందరికీ అధ్యక్షుడు రాఘవాచార్యులు. జూనియర్ కాలేజీలో ముప్పై నాలుగేళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైరయిన పెద్దమనిషి. డెబ్భై రెండేళ్ళ వయసులో పంచె గోచీ బిగించి, నిచ్చెనెక్కి, పైన మూతలోంచి లోపలికి ఇంకో నిచ్చెన దిగాడు. కుర్చీలు ఆ కంతలో పట్టలేదు. పీటలు దించారు. తీగ లాగి ఒక బల్బు వేలాడదీశారు.

తొలి సమావేశానికి శైలకుమారిని కూడా రమ్మన్నారు, ట్యాంకు కట్టింది ఆమే గనక. ఆమె గోడకు ఆనుకుని కూచుంది. రాఘవాచార్యులు లేచి గొంతు సవరించుకుంటే ఆ సవరింపు నాలుగు గోడలు తగిలి తిరిగొచ్చినట్టు నాలుగుసార్లు వినిపించింది. అక్కడున్నది ఒకటే గోడ, గుండ్రంగా.

"అసలీ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో సభ్యులు తెలుసుకోవాలి," అన్నాడు. "తెలుసుకోవాలి, తెలుసుకోవాలి, తెలుసుకోవాలి" అంది ట్యాంకు. "నూరేళ్ళకు పైమాటే. అమెరికాలో జనం వేళాకోళంగా మనిషి బుర్రను థింక్ ట్యాంక్ అనేవాళ్ళు. అంటే మన తలకాయే. తరవాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. సైన్యాధికారులు తలుపులేసుకుని వ్యూహాలు పన్నుకునే గదికి ఆ పేరు పెట్టారు. అక్కడన్న మాట బయటికి పొక్కకూడదు. యుద్ధమయ్యాక, ప్రభుత్వాలకు సలహాలిచ్చే సంస్థలకు అదే పేరు స్థిరపడింది. కాబట్టి మొదట తల, ఆ తరవాత గది, ఆ తరవాత సంస్థ."

"ఇప్పుడు తొట్టి," అన్నాడు పశువైద్యుడు మెల్లగా. అదీ నాలుగుసార్లు వినిపించింది.

ఎవరేమన్నా ఆ మాట నాలుగు దిక్కులనుంచీ వెనక్కొచ్చేది. సమావేశం నివేదిక రాసుకోవడానికి వచ్చిన భుజంగరావు, ఎవరు బలపరిచారో తెలియక ప్రతి తీర్మానానికీ ఏకగ్రీవమని రాసుకున్నాడు. సభ్యులకు ఇది బాగా నచ్చింది. ఇళ్ళల్లో ఒక్కసారి చెబితేనే ఎవరూ వినని మాటలవి. నెలకు నాలుగు సమావేశాలన్నది పోయి, వారానికి నాలుగయ్యాయి.

మూడో వారానికల్లా వాళ్ళ తొలి నివేదిక తయారయింది. ముప్పై ఎనిమిది పేజీలు. పట్టణంలోని సమస్యలన్నిటినీ కూలంకషంగా పరిశీలించిన పిమ్మట, చింతలమెట్ట వాసుల దాహార్తి అత్యంత తీవ్రమైనదని గుర్తించారు. అందుకు పరిష్కారంగా మెట్టపై ఒక నీళ్ళ ట్యాంకు నిర్మించవలసిందిగా సిఫారసు చేశారు. ఎక్కడ కట్టాలో కూడా సూచించారు. వాస్తు రీత్యా, ఎత్తు రీత్యా, ప్రస్తుతము చింతన ట్యాంకు ఉన్న స్థలమే సర్వవిధాలా అనువైనది.

ఆ మూడు వారాలూ మెట్ట జనం కింది పేటల చేతిపంపుల దగ్గర, వాళ్ళ తిట్లు తింటూ, అరకొర బిందెలు పట్టుకున్నారు. ఓ సోమవారం దానమ్మ ఆఫీసుకొచ్చింది. ఎప్పుడూ నిలబడి మాట్లాడే మనిషి, ఆవేళ నేల మీద చతికిలబడింది. కుడిమోకాలికి పసుపు పట్టు, గుడ్డ కట్టు.

"ఏమయింది దానమ్మా?"

"బిందెతోటి ఎక్కతా పడ్డా. కాలు ఇరగలా, దేవుడి దయ. నీళ్ళే పోయినయ్." మోకాలి కట్టు సర్దుకుంది. "ట్యాంకీ లేనప్పుడు రెండ్రోజులకోసారన్నా వచ్చేయి. ట్యాంకీ వచ్చినాక అయ్యీ రాలా. నేను నిన్ను ఒక్కమాట అనను ఇంజినీరమ్మా. నువ్వు మంచిదానివే. కానీ మంచిదానివని ఎవురికి జెప్పను? ఇయ్యాల పొద్దున మా ఆడోళ్ళు, ఆమెని ట్యాంకీ అడిగింది నువ్వే గదా అని నా మొకాన అన్నారు."

శైలకుమారి లేచి మంచినీళ్ళ గ్లాసు ఆమె చేతికిచ్చింది. పొరపాటని తెలిసీ, మంచికే గదా అని తలొంచుకుని కట్టింది తను. ఆ మంచి ఈమె మోకాలి మీద పడింది. తప్పు చెయ్యకుండానే, ఒక మెట్ట జనం నోట్లోంచి నీళ్ళు లాగేసినట్టయింది.

ఆ సాయంత్రం ఆమె రాఘవాచార్యులుగారింటికి వెళ్ళింది. ఆయన వరండాలో కూచుని తరవాతి సమావేశానికి ప్రసంగం రాసుకుంటున్నాడు. ఆమె మొత్తం చెప్పేసింది. ఆరు ప్రశ్నలూ, ఎర్రసిరా, తలసరి లీటర్లూ, రద్దయిన ట్యాంకరూ, దానమ్మ మోకాలూ.

"మాస్టారూ, అది నీళ్ళ ట్యాంకండీ. మీరు కూచునేది అడుగున. మీ కాళ్ళ దగ్గరున్న కంత ఇళ్ళకు నీళ్ళు పోయే గొట్టం."

ఆయన రాస్తున్న ప్రసంగం పక్కన పెట్టాడు. చేతిలో కలం మూత పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు.

"నాకు అనుమానం లేకపోలేదమ్మాయీ," అన్నాడు చివరికి. "నేనేం పసివాణ్ణి కాదు. ఏ దేశంలోనూ మేధావులు మూతలోంచి దిగరని తెలుసు. కాని ముప్పై నాలుగేళ్ళు పాఠం చెప్పాను. నా గొంతు ఎప్పుడూ మూడో బెంచీ దాటలేదు. అక్కడ నా మాట నాలుగుసార్లు వినిపిస్తుంది తల్లీ. ఆ ఆశకు పడిపోయాను."

ఆమెకు ఆయన మీద కోపం తెచ్చుకోవాలనిపించి కూడా రాలేదు.

"యుద్ధకాలంలో గదుల సంగతి చెప్పాను గుర్తుందా? ఆ గదిలోంచి మాట పొక్కిందని తెలిస్తే ముందేం చేస్తారంటావు?"

"ఏం చేస్తారండీ?"

"గది ఖాళీ చేయిస్తారు," అన్నాడాయన. లేచి చొక్కా తొడుక్కుని, ముప్పై ఎనిమిది పేజీల నివేదిక చంకన పెట్టుకుని, స్థానిక విలేకరి ఇంటివైపు నడిచాడు.

రెండో రోజు పత్రికలో జిల్లా పేజీలో పడింది: 'ట్యాంకు కట్టాలని ట్యాంకు సిఫారసు'. పదకొండు గంటలకు సర్వోత్తమరావు శైలకుమారికి మెమో పంపాడు. "చింతన ట్యాంకునందలి రహస్య నివేదిక బహిర్గతమైనది. దీనినిబట్టి సదరు ట్యాంకు లీకగుచున్నట్లు విశదమగుచున్నది. నాణ్యతాలోపమునకు బాధ్యులైన మీరు మూడు దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను."

ఆమె దాన్ని ఒకసారి చదివింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మళ్ళీ చదివింది. మూడోసారి చదివేటప్పటికి ఆమె కాలు బల్ల కింద ఆగకుండా ఊగుతోంది. మూడు దినాలు ఆగలేదు, మూడు నిమిషాల్లో జవాబు రాసుకుని స్వయంగా తీసుకెళ్ళింది.

"ట్యాంకు లీకవుతోందో లేదో తేల్చడానికి ఇంజినీరింగులో ఒకటే మార్గం సార్. నిండా నీళ్ళు పెట్టి చూడాలి."

"లోపల సభ్యులుంటారు కదా?"

"లీకు తేలేదాకా వాళ్ళను బయట కూచోబెట్టాలండీ. లేకపోతే ప్రతి సమావేశమూ పత్రికలో వస్తుంది."

సర్వోత్తమరావు ముఖం పాలిపోయింది. వెంటనే సంతకం చేశాడు.

ఆ మర్నాడు తెల్లవారుజామున మూడింటికే అంకమ్మరావు సంపు దగ్గర మోటారు ఆన్ చేశాడు. పీటలూ బల్బూ ముందురోజే పైకి లాగేశారు. శైలకుమారి, దానమ్మ, మెట్ట మీది ఆడవాళ్ళందరూ స్తంభాల కింద నిలబడి తలలెత్తి చూస్తున్నారు. ట్యాంకులో నీళ్ళు పడే చప్పుడు కిందికి వినిపించింది. ట్యాంకు నిండి పైగొట్టంలోంచి పొర్లగానే ఆమె అంకమ్మరావు వైపు చూసి తలూపింది. అతను కింది వాల్వు తిప్పాడు.

మొదట కుళాయిలన్నీ ఒక్కసారిగా బుస్సుమన్నాయి. ఆ తరవాత ఎర్రగా తుప్పు నీళ్ళు. ఆ తరవాత తెల్లగా. మెట్ట మీద ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి కేకలు ఎగబాకాయి. దానమ్మ తన కుళాయి కింద బిందె పెట్టలేదు, ఊరికే దోసిలి పెట్టి చూసుకుంటూ నిలబడింది. పక్కింటామె వచ్చి, "బిందె పెట్టవే, పోతన్నయ్యి" అని అరిస్తేగాని కదల్లేదు.

ఎనిమిదిన్నరకు ట్యాంకు అడుగంటింది. అంకమ్మరావు పరీక్ష రిజిస్టరు తెరిచాడు.

"ఆరింటికి నిండు. ఎనిమిదిన్నరకు ఖాళీ. లీకే ఇది, అనుమానం లేదు. ఎక్కడెక్కడున్నయ్యో గూడా రాయాలామ్మా?"

"రాయి. ఇంటి నంబర్లతో సహా రాయి."

మధ్యాహ్నానికి రిజిస్టరు కమిషనరు బల్ల మీదకు చేరింది.

"రెండు వందల పది లీకులా!" అన్నాడు సర్వోత్తమరావు.

"అవును సార్."

"కచ్చితంగా అంతేనా?"

"ఇప్పటికి అంతే సార్. ఇంకా పెరిగే అవకాశం ఉంది."

"ఇంత ఘోరమైన నిర్మాణం నేను నా సర్వీసులో చూడలేదు. లీకులన్నీ ఆగేవరకు రోజూ పరీక్ష జరగాల్సిందే. ఒక్క రోజు మానినా ఊరుకునేది లేదు. ఆదివారాలు కూడా."

"అలాగే సార్," అన్నది శైలకుమారి తల వంచుకుని. ఆమె ఆ తల ఎందుకు వంచుకుందో ఆయనకు ఎవరూ చెప్పలేదు.

అప్పటినుంచి రోజూ పొద్దున ఆరింటికి పరీక్ష. రెండు నెలలయింది. లీకులు ఆగలేదు. జిల్లానుంచి తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. రిజిస్టరు పట్టుకుని మెట్టెక్కి, మొదటి లీకు చూపించమన్నాడు. దానమ్మ ఇంటి ముందుకు తీసుకెళ్ళారు. ఆమె బిందె కడుక్కుంటోంది.

"ఇదేనా లీకు?"

"ఇదే బాబూ. ఆరింటికల్లా మొదలవుద్ది. రెండు గంటలు ఆగదు."

"మీకు చాలా ఇబ్బందిగా ఉంటుందే!"

"మొదట్లో కంగారుపడ్డాం. ఇప్పుడు అలవాటయిపోయింది. ఏదో మాకు చేతనయింది మేం పట్టుకుంటన్నాం."

అధికారి చలించిపోయాడు. "స్థానిక మహిళలు అపూర్వమైన సంయమనంతో, స్వంత పాత్రలతో, స్వచ్ఛందంగా నష్టనివారణ చర్యలు చేపట్టియున్నారు" అని రాసుకున్నాడు. దిగిపోయే ముందు ఆ మహిళలకు ప్రశంసాపత్రాలు ప్రకటించాడు. అసిస్టెంట్ ఇంజినీరు విషయంలో మాత్రం కఠినంగా ఉండక తప్పలేదు. కట్టిన ట్యాంకులో రెండు వందల పది లీకులు రాబట్టి, రెండు నెలల్లో ఒక్కటీ ఆపలేని అసమర్థురాలని ఆమె వార్షిక రహస్య నివేదికలో నమోదయింది. ఆ ఏడు రావలసిన పదోన్నతి ఆగిపోయింది. చదువుకునే రోజుల్లో మొదటి ర్యాంకు తప్ప రెండోది ఎరగని ఆమె ఆ కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుని, ఇంటికెళ్ళాక వాళ్ళమ్మకు చూపించకుండా దుప్పట్ల కింద దాచింది. ఆ పూట అన్నం సరిగా తినలేదు. మర్నాడు ఆరింటికి మెట్ట మీదే ఉంది.

చింతన ట్యాంకు సభ్యులు ఇప్పుడు స్తంభాల నీడలో చాప పరుచుకుని కూచుంటున్నారు. 'ట్యాంకునందు' అన్నదాన్ని 'ట్యాంకు క్రిందన్' అని చదువుకోవచ్చని కమిషనరు వివరణ ఇచ్చాడు. వ్యక్తిత్వ వికాసం ఆయన రావడం మానేశాడు, గొంతు మోగడం లేదని. పశువైద్యుడు మెట్ట మీది గేదెలకు ఉచితంగా మందులిస్తున్నాడు. నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళు ఆగి, ఏం రాస్తన్నారయ్యా అని అడిగి, అది కాదు, వీధిదీపం సంగతి రాయండని చెప్పి పోతున్నారు.

ఒకరోజు శైలకుమారి అటు వెళితే రాఘవాచార్యులు పిలిచాడు.

"ఇక్కడ నా మాట ఒక్కసారే వినిపిస్తోందమ్మాయీ."

"బాధగా ఉందా మాస్టారూ?"

"ఉంది," అన్నాడాయన నిజాయితీగా. "కాని ఎవరో ఒకరు జవాబు చెబుతున్నారు. అది నాకు కొత్త."

ఆ తరవాతి సోమవారం అర్జీల వేళకు దానమ్మ వచ్చింది. మోకాలు నయమయింది, నిలబడే ఉంది. చేతిలో ఒక తెల్లకాగితం. దాని మీద మెట్ట మీద టెన్త్ చదివిన పిల్లెవరో గుండ్రటి అక్షరాలతో రాసిపెట్టింది. మా చిన్నబ్బాయికి పెళ్ళయి మెట్ట చివర వేరే ఇల్లు వేసుకున్నాడు, ఆ ఇంటికి ఇంతవరకు లీకు లేదు, కావున దయతో మా అబ్బాయి ఇంటికి కూడా ఒక లీకు మంజూరు చేయించవలసిందిగా ప్రార్థన.

శైలకుమారి దాన్ని చదివి, నవ్వు పెదాల దగ్గరే బిగబట్టి, కలం తీసి కింద రాసింది. "పరిశీలించితిని. సదరు గృహమునందు లీకు ఏర్పడుటకు అన్ని అవకాశములు కలవు."

సాయంత్రానికల్లా అంకమ్మరావు మెట్టెక్కి, గొట్టం కోసి, కుళాయి బిగించి, రిజిస్టరులో రెండు వందల పదకొండో నంబరు వేశాడు. మర్నాడు పొద్దున ఆరింటికి అది కూడా లీకయింది.